ఒక గదిలో నాలుగు ప్లగ్గులు: కరెంటు పనిని బతుకుతెరువుగా ఎంచుకునేవారికి

పల్నాడులోని శావల్యాపురంలో ఒక కొత్త ఇల్లు కడుతున్నారనుకోండి. ఒక గదికి నాలుగు ప్లగ్ పాయింట్లు కావాలన్నారు. ఫోన్ చార్జింగుకు ఒకటి, టీవీకి ఒకటి, ఇస్త్రీ పెట్టెకు ఒకటి, ఎండాకాలం కూలరుకు ఒకటి. వచ్చే ఏడు ఏసీ కొంటామన్న మాట కూడా చెవిన వేశారు. పదో తరగతి పాసై, ఏం చదవాలో తేలక ఇంట్లో కూర్చున్న అబ్బాయికో అమ్మాయికో నేను ముందుగా ఈ గదినే చూపిస్తాను. ఇది విసుగు పుట్టించకపోతే, లెక్క కట్టాలనిపిస్తే, ఈ పని మీకు సరిపోతుంది.

లెక్క పెద్దదేమీ కాదు. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె నాలుగు ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది. టీవీ, చార్జరు, కూలరు కలిపినా అంత ఉండదు. టన్నున్నర ఏసీ మాత్రం ఒక్కటే ఏడు ఆంపియర్ల దాకా లాగవచ్చు, గంటల తరబడి ఆగకుండా. అందుకే ఏసీకి మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, విడిగా ఎంసీబీ (ఓవర్‌లోడు అయితే తానే పడిపోయి కరెంటు ఆపే స్విచ్చి) వేస్తారు. ఇస్త్రీ పెట్టె ప్లగ్గుకు 2.5 వైరు వాడతారు. లైట్లకు, ఫ్యానుకు 1.5 చాలు.

ప్లగ్గు నుంచి ప్లగ్గుకు లూపు వేయడం తప్పు కాదు. కానీ లూపులో చివరి ప్లగ్గు లాగే కరెంటంతా మొదటి ప్లగ్గు స్క్రూ మీదుగానే పోతుంది. ఆ స్క్రూ వదులుగా ఉంటే అక్కడే వేడెక్కి, నల్లబడి, కాలిన వాసన వస్తుంది.

అన్నింటికన్నా ఘోరమైన తప్పు ఇంకొకటి. ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని ఇంటివాళ్లు గోల చేస్తే, 10 ఆంపియర్లది తీసేసి 32 ఆంపియర్లది పెట్టి వెళ్లిపోవడం. ఎంసీబీ కాపాడేది ముందు గోడలోని వైరునే. సన్నని వైరుకు పెద్ద ఎంసీబీ పెడితే, ఓవర్‌లోడు అయినప్పుడు ఎంసీబీ పడదు, వైరు కాలుతుంది. దీన్ని అర్థం చేసుకున్నవాడే ఎలక్ట్రీషియన్. అర్థం కానివాడు ఎన్నేళ్లు పని చేసినా ప్రమాదమే.

ఎర్త్ సంగతి కూడా అంతే. ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్ అని అందరికీ తెలుసు. అయినా పైకి కనిపించదు కదా అని ఆకుపచ్చ వైరును బోర్డు దాకా తెచ్చి వదిలేసిన ఇళ్లున్నాయి. పల్నాడులో నాపరాతి నేలలున్న చోట, అందులోనూ ఎండాకాలంలో, నేల ఎండి ఎర్త్ పనితనం తగ్గుతుంది. ఎర్త్ గుంతలో తేమ నిలిచేలా చూడాలి. దానితో పాటు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పకుండా పెట్టించాలి. తడి చేత్తో కూలరు ముట్టుకునే పసిపిల్లల ప్రాణం దాని మీద ఆధారపడి ఉంటుంది.

ఇక చదువు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సుకు పదో తరగతి పాసవ్వాలి, వైర్‌మన్‌కు ఎనిమిది చాలు. రెండూ రెండేళ్లవే. మార్కులు బాగుంటే నేను ఎలక్ట్రీషియనే తీసుకోమంటాను. మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు కూడా నేర్పుతారు కాబట్టి మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలకూ పనికొస్తుంది. తర్వాత అప్రెంటిస్‌షిప్ తప్పక చేయండి. స్టైపెండ్ తక్కువని మానేసేవారిని చూస్తే బాధేస్తుంది. చేయి తిరిగేది అక్కడే.

ఉద్యోగాల్లో రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షకు ఈ రెండు ట్రేడులూ అర్హమైనవే. శావల్యాపురం స్టేషన్లో పట్టాల పైన సాగే తీగను రోజూ చూసే ఉంటారు, అందులో 25 వేల వోల్టులుంటాయి. 2019లో గ్రామ సచివాలయాలకు ఎనర్జీ అసిస్టెంట్లను తీసుకున్నప్పుడూ ఐటీఐ వాళ్లకు అవకాశం వచ్చింది. స్తంభం ఎక్కే పరీక్ష కూడా పెట్టారు. 2024లో పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక ఇంటి కప్పుల మీద సోలార్ పలకలు బిగించే పనీ పెరుగుతోంది.

సొంతంగా పని పట్టాలంటే సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు. రాష్ట్ర ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మన్ పర్మిట్ తీసుకోండి. అనుభవం పెరిగాక సూపర్‌వైజర్, కాంట్రాక్టర్ మెట్లున్నాయి. ఊళ్లో చాలామంది ఇవేవీ లేకుండానే నెట్టుకొస్తున్నారన్నది నిజమే. కానీ పెద్ద భవనాల పని వాళ్లకు రాదు, ఏదైనా జరిగితే కాపాడే కాగితమూ ఉండదు.

సెలవుల్లో ఎవరైనా మేస్త్రి వెంట వెళ్తుంటే లైవు బోర్డు మీద చెయ్యి వేయకండి. మెయిన్ ఆపే ముందు టెస్టరును పనిచేస్తున్న ప్లగ్గులో పెట్టి చూసి, మెయిన్ ఆపాక కూడా మీ వైరు మీద పెట్టి చూసుకోండి. "అన్నా, ఇక్కడ ఎంసీబీ ఇంతే ఎందుకు వేశావు?" అని అడగండి. వైరు సైజు చూపించి కారణం చెప్పే అన్న దొరికితే, ఆ సెలవులన్నీ ఆయన దగ్గరే ఉండండి.