డీజే బయానా ఇవ్వకముందే

చిరంజీవి బుజ్జమ్మకు,


నీ ఉత్తరం అందింది. కొత్తవలసలో ఉద్యోగానికి చేరీ చేరగానే పిండిమిల్లు మోతనీ, పేడకుప్పనీ, అమ్మవారి సంబరానికి డీజే అనీ అర్జీలు వచ్చి పడ్డాయన్నావు. ఇవన్నీ పంచాయతీ కార్యదర్శి పనేనా అని అడిగావు. అన్నీ కాదు. అయినా జనం నీ దగ్గరికే వస్తారు. డీఎస్పీ ఎక్కడ కూర్చుంటాడో వాళ్ళకి తెలీదు, నీ గది తలుపు తెలుసు.

పేడకుప్పా, మురుక్కాలవా మాత్రం నూటికి నూరుపాళ్ళూ నీవే. 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చేనాటికి మన జిల్లాలూ ఆ రాష్ట్రంలోనివే. పొరుగువాళ్ళకి చేటు చేసే కుప్పల్నీ కంపునీ తొలగించమనే అధికారం అందులో రాసి ఉంది. మా తరం హెల్త్ ఇనస్పెక్టర్లం ఆ చట్టం పేరు చెప్పుకునే ఊళ్ళు తిరిగాం. "నిధుల్లేవు మేడమ్" అని నీకెవరైనా చెబితే రత్లాం కేసు చదివి పెట్టుకో. మధ్యప్రదేశ్‌లో ఓ వార్డు జనం మురుగు కంపు భరించలేక కోర్టుకెక్కితే, మా దగ్గర డబ్బు లేదంది మునిసిపాలిటీ. ఆ సాకు చెల్లదని 1980లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ తేల్చేశారు. ఆ కేసు నడిచిన పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షనే 2024 జూలై నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152. దానికింద ఉత్తర్వు ఇచ్చేది ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు. ఆయన కలం కదలాలంటే నీ రిపోర్టు గట్టిగా ఉండాలి.

మోత సంగతి వేరు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళమధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా 45. హద్దుని పది డెసిబెల్స్ దాటితే ఫిర్యాదు చెయ్యొచ్చు. పదేకదా అనుకోకు, శబ్దశక్తి పదింతలైనట్టు. ఆపించే అధికారం కలెక్టరుదీ, డీఎస్పీకి తగ్గని పోలీసు అధికారిదీ. సంబరాలకి రాత్రి 12 దాకా సడలింపు ఇచ్చే వీలు ప్రభుత్వానికుంది, ఏడాదిలో 15 రోజులకి మించకుండా. ఆసుపత్రి చుట్టూ నూరు మీటర్లు నిశ్శబ్దమేనని ఎవరికీ మాటివ్వకు. 2017 సవరణ తర్వాత ప్రభుత్వం నోటిఫై చేసిన చోటే అది చెల్లుతుంది.

ఈ అంకెలు వచ్చినంత మాత్రాన తగువు తీరదు. మీ ఊరి కిరండూల్ రైలు లైను మీద ఇనుపరాయి గూడ్సులు అర్ధరాత్రి కూతపెడుతూ పోతాయి, వాటి మీద నీకు ఒక్క అర్జీ వచ్చిందా? ఎదురింటి బాక్సు అరగంట మోగితే మాత్రం ముసలాళ్ళు కర్రలు పట్టుకుని లేస్తారు. బండి ఎవరినీ ఏడిపించడానికి కూయదు. పొరుగువాడు ఆపగలిగీ ఆపడంలేదన్న మాటే మనిషికి నిద్ర పట్టనివ్వదు. శబ్దం కొలిచే మీటరుకి ఇది అందదు. అందుకే నోటీసు రాసేముందు, మోత మోగే వేళకే వెళ్ళి అర్జీదారు మంచం పక్కన కాసేపు నిలబడు. ఆ రెండిళ్ళ మధ్యా గోడ తగువో కాలవ తగువో ఉందేమో వాకబు చెయ్యి. సగం మోతలు అక్కణ్ణుంచే పుడతాయి.

తర్వాత మిల్లుకెళ్ళు. అర్జీ ఎవరిదో చెప్పకు. మోటారు బోల్టులు వదులైతే నేలంతా అదురుతుంది. బిగించి, కింద రబ్బరు దిమ్మలు వేయించి, తెల్లారకట్ట ఆడించడం మాన్పిస్తే చాలామటుకు తగ్గుతుంది. అది వాళ్ళ పొట్టకూడు. డీజే కుర్రాళ్ళతో మాట్లాడే గొంతుతో వాళ్ళతో మాట్లాడకు.

డీజే అన్నిటికన్నా కష్టం. బాక్సులు లారీ మీదకెక్కాక దేవుడు చెప్పినా వినరు. ఆ రాత్రి పోలీసులొస్తే సంబరం ఆపించారన్న నింద నీ నెత్తిన పడుతుంది, పైఏడు ఇంకో రెండు బాక్సులు ఎక్కువ తెస్తారు. కమిటీ కుర్రాళ్ళని ఎస్సైగారి ఎదుట ముందే కూర్చోబెట్టు. మైకుకి రాతపూర్వక అనుమతి తీసుకోవాలనీ, ఎన్నింటికి ఆపాలనీ వాళ్ళచేతే కాగితం మీద రాయించు. ఊరిపెద్దలు ఇద్దరు సంతకం పెడితే ఇంకా మంచిది.

సంబరం ఏ వారమో నువ్వు రాయలేదు. బాక్సులకి బయానా ఇచ్చేశారేమో రేపే కనుక్కో.

మావయ్య