ఫిలిప్పీను నవీన సంగీత రచయితలు: దేశీయత్వ విచారము

ఒక జాతి తన ప్రాచీన కళాసంపదను నవీన రచనలోనికి తెచ్చుకొనునపుడు అందుండి దేనిని గ్రహింపవలెను? బాణీనా, వాద్యమునా, లేక ఆ రెండింటిని నడపుచున్న భావననా? భారతీయ భాషలలో పరిశోధన చేయువారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. జానపద గేయమును కావ్యమున చేర్చినపుడును, మాండలికమును నవలలో వాడినపుడును మనము దీనినే ఎదుర్కొనుచున్నాము. ఫిలిప్పీను దేశపు సంగీత రచయితలు ఇరువదవ శతాబ్దమున ఈ ప్రశ్నకు మూడు విధములైన సమాధానములను ఒకదాని వెనుక నొకటిగా ప్రయోగించి చూచిరి. ఆ ప్రయోగములను, అందును ముఖ్యముగా హోసే మాసేదా కృషిని పరిశీలించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

ముందుగా ఆ దేశపు చరిత్రను కొంత స్మరింపవలసియున్నది. 1565 మొదలు 1898 వరకు స్పెయిను, పిమ్మట 1946 వరకు అమెరికా ఆ ద్వీపములను పాలించినవి. పల్లపు ప్రాంతముల ప్రజలు క్రైస్తవ మతముతోపాటు ఐరోపా సంగీతమును స్వీకరించిరి. చర్చి గానము, గిటారు, ఇత్తడి వాద్యబృందము వారి నిత్యజీవితమున కలిసిపోయినవి. ఉత్తరమున లూజాను పర్వతములలోని జాతులును, దక్షిణమున మిందనావులోని ముస్లిం జాతులును జేగంటలతోను వెదురు వాద్యములతోను కూడిన పూర్వసంగీతమును నిలుపుకొన్నవి. కావున మనీలాలో చదువుకొన్న రచయితకు పియానో ఇంటి వస్తువు. తన దేశపు జేగంటయే దూరపు వస్తువు. మన దేశమున పాశ్చాత్య ప్రభావము వచ్చిన పిదపను విద్వాంసులకు లక్షణగ్రంథముల ఆశ్రయము కలదు. అచ్చటి గ్రామసంగీతమునకు అట్టి గ్రంథములు లేవు. అది నోటను చేతను మాత్రమే నిలిచినది. దేశీయత్వమును కోరిన రచయిత దానిని వెదకికొని పోవలసి వచ్చెను.

మొదటి సమాధానము బాణీకి సంబంధించినది. 1916లో ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయమున సంగీత విద్యాలయము ఏర్పడెను. దానితో సంబంధము గల ఫ్రాన్సిస్కో శాంటియాగో (1889–1947), నికనోర్ అబెలార్డో (1893–1934) కుండిమన్ అను ప్రణయగీతమును సభాగానస్థాయికి తెచ్చిరి. అబెలార్డో 1931లో చికాగోకు పోయి, తత్కాలపు ఐరోపా రచనలలోని కటుస్వరమేళనమును నేర్చి, తన చివరి రచనలలో వాడెను. కాని కుండిమన్ స్వయముగా మూడు మాత్రల నడకతో, ఐరోపా స్వరమేళనముపై నిలిచిన గీతము. విషాదస్వరమున మొదలై ప్రసన్నస్వరమున ముగియు దాని కట్టడము సయితము ఐరోపా పద్ధతిదే. అందలి భాషయు వేదనయు దేశీయములు, మేనికట్టు పరదేశీయము.

రెండవ సమాధానము వాద్యమునకు సంబంధించినది. లుక్రేసియా కాసిలాగ్ (1918–2008) ఈ మార్గమున ప్రముఖురాలు. ఈమె 1959లో రచించిన టొకాటాలో ఫిలిప్పీను తాడనవాద్యములు పాశ్చాత్య సుషిరవాద్యములతో కలిసి మ్రోగును. అంతవరకు ప్రదర్శనశాలలకును ఉత్సవములకును పరిమితములైన వాద్యములకు ఈ రచన సభలో స్థానము కల్పించెను. ఇది చిన్న విషయము కాదు. అయినను ఇందొక చిక్కు కలదు. మిందనావులోని కులింతాంగ్ వాద్యమున వరుసగా పేర్చిన జేగంటలకు దేశమంతటికి ఒకే స్వరస్థానము లేదు. ఒక ఊరి వరుస వేరొక ఊరి వరుసతో కలియదు. పాశ్చాత్య వాద్యములకు సమముగా విభజింపబడిన పండ్రెండు స్వరస్థానములు నియతములు. రెండింటిని జతపరచినపుడు జేగంట తన స్వరవ్యవస్థను వీడి, కేవలము వర్ణవైచిత్ర్యమునకు మిగులు ప్రమాదము కలదు.

ఇచ్చటనే మాసేదా వేరు త్రోవ త్రొక్కెను. మనీలాలో 1917లో జన్మించిన ఈయన మొదట పియానో విద్వాంసుడు. పారిసులో ఆల్ఫ్రెడ్ కోర్టో కడ శిక్షణ పొందెను. తన ఊరి సభలో తాను వాయించుచున్న ఐరోపా కృతులకును తన దేశపు జీవనమునకును గల సంబంధమేమి యను సందేహము ఈయనను సంగీతశాస్త్ర, మానవశాస్త్రముల వైపు త్రిప్పెను. 1950ల నుండి పర్వతగ్రామములకును ద్వీపాంతరములకును పోయి గ్రామసంగీతమును ధ్వనిముద్రణము చేసెను. 1963లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము నుండి డాక్టరు పట్టమును పొందెను. ఎడ్గార్ వరేజ్, యానిస్ జెనాకిస్ వంటి ఐరోపా నవీనుల రచనలను మనీలా శ్రోతలకు పరిచయము చేసినవాడును ఈయనయే.

గ్రామములలో ఈయన గమనించిన విషయములు ముఖ్యముగా రెండు. మొదటిది, నిలుకడ నాదము. కుద్యపి అను పడవ ఆకారపు వీణకు రెండు తంత్రులు. ఒకటి ఎడతెగని ఆధారనాదమును ఇచ్చును. రెండవది పాటను పలుకును. మన తంబురా శ్రుతి నెరిగినవారికి ఇది సుబోధము. అయితే తంబురా గాయకునికి వెనుక నుండును. అచ్చటి బృందములలో నిలుకడ నాదము పాటతో సమానమైన సంగీతవస్తువు. రెండవది, విభాగము. కళింగ జాతివారి చదునైన జేగంటల బృందమున ఆరుగురు కూర్చుండి చేతులతో వాయింతురు. ఒక్కొక్కరికి ఒక్కొక్క జేగంట. ఎవరి వంతు వారిది చిన్నది. ఆ వంతులు ఒకదానిలో నొకటి పెనవైచుకొనగా పుట్టిన నాదము ఏ ఒక్కనిదియు కాదు.

ఇచ్చట పదవిచారము కొంత అవసరము. కుద్యపి శబ్దము సంస్కృతమున వీణాభేదమునకు పేరైన కచ్ఛపీ శబ్దము నుండి వచ్చినదని పండితుల మతము. తగాలోగ్ భాషలో గురో, దివాత, ముఖ వంటి మాటలును సంస్కృత జన్యములే. అంతమాత్రమున కళింగ జాతి నామమును చూచి మన కళింగదేశముతో ముడిపెట్టరాదు. అది పొరుగుననున్న ఇబనగ్, గద్దంగ్ భాషలలో శత్రువుల శిరస్సులను ఖండించి తెచ్చువాడను అర్థము గల పదమని చెప్పుదురు. ఒకచోట సాదృశ్యము చుట్టరికమునకు సాక్ష్యము; మరియొకచోట అది కేవలము యాదృచ్ఛికము.

ఈ రెండు సూత్రములను మాసేదా నవీన రచనకు పునాదిగా గ్రహించెను. జానపదుల పాటను గాని, వారి లయను గాని ఎత్తివ్రాయలేదు. 1968 నాటి ‘పగ్‌సంబా’లో, అనగా ఆరాధనలో, 116 వాద్యములు, 100 స్త్రీపురుష కంఠములు, 25 పురుష కంఠములు కలవు. మొత్తము 241 మంది. దిలిమాన్‌లోని విశ్వవిద్యాలయపు వృత్తాకారమైన చర్చిలో శ్రోతల నడుమనే గాయకులు, వాదకులు చెదరి కూర్చుండిరి. క్యాథలిక్ పూజావాక్యముల తగాలోగ్ అనువాదమే ఇందలి సాహిత్యము. ఆ మాటలు అక్షరములుగా విడిపోయి కంఠము నుండి కంఠమునకు ప్రాకును. అర్థము కరగి ధ్వనియై, ధ్వని తిరిగి మూగి ప్రార్థనయగును. 1971 నాటి ‘కాసెట్స్ 100’లో నూరుగురు మనుష్యులు నూరు క్యాసెట్టు రికార్డరులను చేతబట్టి సంచరించిరి. జేగంట స్థానమున యంత్రము వచ్చినది. వంతుల సూత్రము మారలేదు.

ఈ మార్గమునకు పరాకాష్ఠయు, పరీక్షయు 1974 జనవరి 1న ప్రసారమైన ‘ఉగ్నాయన్’. ఇరువది భాగములను ఇరువది రేడియో కేంద్రములు ఏకకాలమున, 51 నిమిషములపాటు ప్రసారము చేసినవి. ప్రజలు తమ రేడియోలను తెచ్చి మైదానములలో కూడిననే సంగీతము పూర్ణమగును. ఇంట ఒంటరిగా విన్నవానికి దక్కునది ఇరువదియవ భాగము మాత్రమే. కలియుటయే రాగము, కలియుటయే తాళము అను గ్రామసూత్రమునకు ఇంతకంటె విశాలమైన భాష్యము దొరకదు. కాని అది 1972లో విధింపబడిన సైనికశాసన కాలము. అధ్యక్షుని భార్య ఇమెల్డా మార్కోస్ ఆదరణ లేనిదే అన్ని కేంద్రములును ఒక్క రచనకై ఒకేసారి తెరచుకొనవు. గ్రామమున జనులు తమంతట తాము కూడుదురు. ఇచ్చట ప్రభుత్వము కూడుమనెను. ఈ భేదమును గణింపక ఆ రచనను కేవలము శిల్పదృష్టితో ప్రశంసించుట విమర్శకునకు తగదు. సూత్రము గ్రామము నుండి వచ్చినంతమాత్రమున అధికారము గ్రామమునకు రాదు.

తరువాతి తరము ఈ చిక్కును గుర్తించినది. రామోన్ సాంటోస్ (జననము 1941) రచయితగను పరిశోధకుడుగను ఆగ్నేయాసియా సంగీతతత్త్వమును శోధించెను. ఫ్రాన్సిస్కో ఫెలిసియానో (1941–2014) ఆసియా దేశముల ఆరాధనా సంగీతమునకై ఒక విద్యాసంస్థను స్థాపించెను. జోనాస్ బాయెస్ మిందోరో ద్వీపములోని ఇరాయా మంగ్యన్ జాతివారి నడుమ పనిచేసి, వారి పాటతోపాటు వారు కోల్పోవుచున్న భూమిని గూర్చియు విచారించెను. ఈయన రచన ‘పతంగిస్ బువాయా’ పేరునకు మొసలిని ఏడిపించునది అని అర్థము. ఎవరి సంగీతము నుండి సూత్రమును గ్రహించితిమో వారి జీవితము మన బాధ్యతలోనిదా కాదా యను ప్రశ్న ఈ తరమున స్పష్టముగా వినవచ్చుచున్నది.

మాసేదా 1997లో జాతీయ కళాకారుడను గౌరవమును పొంది, 2004లో కీర్తిశేషుడయ్యెను. ఆయన ధ్వనిముద్రణ సంచయము 2007లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికకెక్కెను. ఆ సంచయమున పాటతోపాటు పాడినవారి అమరికయు సంగీతాంశముగా భద్రమైయున్నది. మన సేకరణములలో సాధారణముగా సాహిత్యమే అచ్చగును. బతుకమ్మ పాటను ముద్రించునపుడు ఒకరు చెప్పగా పలువురు అందుకొను వరుస పుటపై కానరాదు. పల్లవి ఒకసారి వ్రాయబడి, తక్కిన చోట్ల చుక్కలుగా మిగులును. ఎవరు ఎత్తుకొనిరి, ఎందరు అందుకొనిరి, ఏ కంఠము నిలిచినది, ఏది కదలినది అను వివరములు లేనిదే ఆ గేయనిర్మాణము మనకు తెలియదు. మాటలను మాత్రమే దాచినవాడు బాణీని గాని, వాద్యమును గాని, తత్త్వమును గాని దాచినవాడు కాడు. జానపద వాఙ్మయమును సేకరించు విద్యార్థులు ఈ వివరములను పాఠములో భాగముగనే వ్రాసికొనుట కర్తవ్యము.