ఒక్క మచ్చుతో సరుకు తేలదు

వేరుశనగ లాటు మచ్చు మొదటి పరీక్షలో తప్పి రెండవసారి నెగ్గితే, మొదటి ఫలితం పొరపాటని వర్తకులు భావించడం కద్దు. లెక్క వేసి చూస్తే ఈ అభిప్రాయం నిలవదు.

గింజకు పట్టే ఒక రకం బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గ్రామాలలో బూజుపట్టిన మొక్కజొన్న తిని 106 మంది మరణించారు. ఆ ఉదంతాన్ని పరిశోధించి 1975లో ప్రకటించినవారు హైదరాబాదు తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం చెంతనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు.

ఈ విషం సరుకంతటా సమంగా ఉండదు. కొద్ది గింజలలోనే పోగుపడుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

రెండు లాట్లు

చెడ్డ గింజలో విషం కిలోకు 50,000 మైక్రోగ్రాముల చొప్పున ఉందనుకుందాం. 5,000 గింజలకు ఒకటి చెడితే లాటు సగటు 10. 2,000కు ఒకటి చెడితే 25. ఇంకా శుద్ధి చేయవలసిన గింజలకు మన దేశంలో పరిమితి 15. కనుక మొదటిది మంచి లాటు, రెండవది చెడ్డది.

గింజ అర గ్రాము చొప్పున అర కిలో మచ్చుకు 1,000 గింజలు. అందులో చెడ్డ గింజ పడకపోతే ఫలితం సున్న, ఒకటి పడితే 50. అసలు సగటు ఏ మచ్చులోనూ కనిపించదు! మంచి లాటు నూటికి 18 సార్లు తప్పుతుంది. చెడ్డ లాటు 61 సార్లు నెగ్గుతుంది.

అరుదైన ఫలితానికి అర్థం

మంచి సరుకు తప్పడం అరుదు గనుక తప్పినది చెడ్డదేనని తీర్మానించరాదు. చెడ్డ సరుకు ఎన్నిసార్లు తప్పుతుందో కూడా చూడాలి. అది 39 సార్లు. కనుక మచ్చు తప్పితే అనుమానం సుమారు రెట్టింపవుతుందే గాని రూఢి కాదు.

నెగ్గేదాకా మచ్చులు తీయడం మరీ ప్రమాదం. మూడింటిలో ఒక్కటి నెగ్గినా చాలునంటే చెడ్డ లాటు నూటికి 94 సార్లు బయటపడుతుంది. నష్టం తినేవారిది.

ఐరోపా సమాఖ్య నిబంధనలలో పెద్ద వేరుశనగ లాట్లకు మచ్చు 20 కిలోలు. అంత సరుకును మొత్తంగా పిండిచేసి పరీక్షిస్తే, పై లెక్క ప్రకారం చెడ్డ లాటు నూటికి 4 సార్లే నెగ్గుతుంది. మంచిది 94 సార్లు నెగ్గుతుంది. అనేక బస్తాల నుంచి పెద్ద మచ్చు తీయడం, ఎన్ని పరీక్షలో ముందే ఒప్పుకోవడం ఇరుపక్షాలకూ క్షేమం.