తెగులు సోకిన ఆకును ఫోటో తీయుట ఎట్లు?

వరి ఆకులపై మచ్చలు కనబడగానే చేతిఫోనుతో ఒక ఫోటో తీసి వ్యవసాయాధికారికి పంపుట నేడు మన గ్రామములలో వాడుక అయినది. మంచిదే. అయితే అట్టి ఫోటోలు కొన్ని మేము చూచితిమి. పచ్చని మసకలో ఏదో గోధుమరంగు చుక్క. అంతకు మించి తెలియదు. నూలుకండె ఆకారమున, నడుమ బూడిదరంగు, అంచున ముదురు గోధుమరంగు కలిగిన మచ్చ అగ్గితెగులుకు గుర్తు. చిన్నదిగా, అండాకారముగా ఉన్నచో అది గోధుమమచ్చ తెగులు కావచ్చును. మసక ఫోటోలో ఈ రెంటికి భేదము కానరాదు. మందు మారినచో ఖర్చు వృథా, పంటకు చేటు. కనుక ఫోటో తీయుటలో మొదటి పాఠములు కొన్ని ఇచ్చట చెప్పుకొందము.

ఫోటో అనగా వెలుతురు గీసిన చిత్రము. పూర్వము హైదరాబాదులో నిజాము కొలువునందు పనిచేసిన రాజా దీనదయాళు ఆ వెలుతురును గాజుపలకపై పట్టెడివాడు. డిజిటల్ కెమేరాలో పలకకు బదులు చిన్న సిలికాన్ బిళ్ల ఉండును. దానిపై అతిసూక్ష్మమైన గదులు. ఒక్కొక్క గది తనపై పడిన వెలుతురును కొలువగా అది అంకెగా మారును. వీనినే పిక్సెళ్లు అందురు. 1975లో అమెరికాలోని కోడాక్ సంస్థ ఇంజనీరు స్టీవెన్ శాసన్ నిర్మించిన డిజిటల్ కెమేరాలో ఇవి పదివేలు మాత్రమే. ఒక్క చిత్రము క్యాసెట్టు టేపుపైకి ఎక్కుటకు 23 సెకండ్లు పట్టెను. నేటి ఫోనులలో సాధారణముగా కోటికి మించియుండును. కావున మన ఫోటో చెడుటకు పిక్సెళ్ల కొరత కారణము కాదు.

కారణము చాలవరకు వెలుతురే. చీకటి పడునప్పుడు మన కంటిపాప విచ్చుకొనును. ఫోను కెమేరా కన్ను చాలావరకు ఒకే కొలతలో ఉండును, విచ్చుకొనలేదు. అందుచేత వెలుతురు చాలనప్పుడు అది రెండు ఉపాయములు పన్నును. ఒకటి, ఎక్కువసేపు తెరచియుండుట; ఆ లోపల చేయి వణకినను, గాలికి ఆకు ఊగినను చిత్రము చెదరును. రెండు, అందిన కొద్ది వెలుతురునే హెచ్చించుకొనుట. దీని కొలతకే ఐ.ఎస్.ఓ. అని పేరు. ఇది పెరిగినకొలది చిత్రముపై ఇసుక చల్లినట్లు పొక్కులు లేచును. సాయంకాలము పొలము నుండి మరలుచు తీసిన ఫోటోలు చెడుట ఇందువలననే.

ఉదయపు ఎండ మేలు. మిట్టమధ్యాహ్నమైనచో ఆకుపై మన నీడ పడనిచ్చిన చాలును. సూర్యునికి ఎదురుగా ఫోను పట్టరాదు. ఒక గ్రామసభలో మేమే ఈ పొరపాటు చేసితిమి. వేదికపైనున్నవారి ముఖములన్నియు బొగ్గువలె వచ్చినవి, వార్త ఫోటో లేకుండగనే పోయినది.

ముందుగా కెమేరా అద్దమును మెత్తని నూలుగుడ్డతో తుడువవలెను. జేబులోని చెమటయు, దుమ్మును చేరి అదియే సగము మసకకు కారణమగుచున్నది. ఆకు క్రింద అరచేయి గాని, నల్లని గుడ్డ గాని పట్టినచో మచ్చ స్పష్టమగును, ఆకు ఊగదు. ఫోను మరొకరు పట్టుట మేలు. వారు మోచేతులను ప్రక్కలకు ఆనించి, తెరపై మచ్చ ఉన్నచోట వ్రేలితో తాకి, అది తేటపడిన పిమ్మట నొక్కవలెను. మరీ దగ్గరకు పోయినచో కెమేరాకు చూపు ఆనదు. జానెడు దూరముతో మొదలుపెట్టి సరిచూచుకొనవచ్చును. తెరపై రెండు వ్రేళ్లతో సాగదీయుట వలన వివరము పెరుగదు, ఉన్నదే సాగును.

ఒక్క ఆకు ఫోటో చాలదు. మడి అంతయు కనబడునట్లు ఒకటి, ఒక దుబ్బు ఒకటి, మచ్చలున్న ఆకు ఒకటి తీయవలెను. తెగులు మడిలో ఎంతవరకు వ్యాపించినదో మొదటిదే చెప్పును.

పంపుటలోను ఒక మెలకువ కలదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదింపబడి వివరము కొంత పోవును. డాక్యుమెంటుగా పంపినచో తీసినది తీసినట్లే చేరును. ఆ అసలు ఫోటోతోపాటు తీసిన తేదీ, వేళయు, ఫోనులో లొకేషన్ తెరచియున్నచో పొలమున్న చోటును పోవును. అధికారికి అది ఉపకారమే. ముక్కుమొగము తెలియనివారికి పంపునపుడు మాత్రము తగదు. జవాబు వచ్చి, పైరు తేరుకొనువరకు అసలు ఫోటోలను ఫోనునుండి చెరిపివేయకుడు.