స్టోరేజ్ ఇంజిన్ రచన: డిస్కు గణితము నెరిగినవారి వృత్తి

కంప్యూటర్ విద్య నభ్యసించువారిలో పలువురు యాప్‌ల నిర్మాణమునందే తమ శ్రమను వెచ్చించుచుండగా, ఆ యాప్‌ల కన్నింటికి నడుగున నుండి సమాచారమును కాపాడు స్టోరేజ్ ఇంజిన్ల వైపు దృష్టి సారించువారు కొలదిమందియే. ఈ విద్య కష్టసాధ్యమే. అయినను పట్టుబడినచో చిరకాలము ఫలమిచ్చును. ప్రత్యేక సర్వర్ లేక, ప్రోగ్రాములోనే లైబ్రరీగా నిమిడి, కీ నందించినంతనే దాని విలువను తెచ్చియిచ్చునది ఎంబెడెడ్ కీ-వాల్యూ ఇంజిన్. 2011లో గూగుల్ వెలువరించిన లెవెల్‌డీబీయు, దానినుండి ఫేస్‌బుక్‌లో రూపొందిన రాక్స్‌డీబీయు నిట్టివే.

పెద్ద హార్డ్ డిస్కులకై ఇంజిన్ రచింపగోరు విద్యార్థి, కోడు వ్రాయుటకు ముందు లెక్క వేయవలెను. నిమిషమునకు 7,200 మారులు తిరుగు డిస్కున కొక్క చుట్టునకు 8.3 మిల్లీసెకన్లు పట్టును; హెడ్డు కదలుటకును, కోరిన భాగము దాని క్రిందికి వచ్చుటకును పట్టు కాలమును కలిపిచూచిన, చెదరియున్న స్థానములనుండి ఒక్కొక్కటిగా సెకనుకు నూరు పఠనములు జరుగుటయే దుర్లభము. ఆ డిస్కే వరుసగా చదివినచో సెకనుకు 200 మెగాబైట్లకు పైగా నందింపగలదు. 1996లో పాట్రిక్ ఓనీల్ ప్రభృతులు ప్రకటించిన ఎల్‌ఎస్‌ఎం-ట్రీ, వ్రాతలను మెమరీలో కూర్చి, క్రమపరచి, ఒక్కుమ్మడిగా డిస్కున కెక్కించుటకు కారణ మీ వ్యత్యాసమే.

ఇక 20 టెరాబైట్ల డిస్కును తలపోయుడు. విలువ యొక్కొక్కటి 4,000 బైట్లైన, కీలు 500 కోట్లగును. కీకి 40 బైట్ల చొప్పున సూచికనంతయు మెమరీలో నుంచినచో 200 గిగాబైట్లు కావలెను. కీలన్నింటిని మెమరీలో నిలుపు బిట్‌కాస్క్ పద్ధతి, ఎంత సరళసుందరమైనను, ఇచ్చట మోయరాని భారమగును. సెకనుకు 250 మెగాబైట్ల చొప్పున ఆ డిస్కునంతయు నొకమారు చదువుటకే 22 గంటలు దాటును గనుక, విద్యుత్తు పోయి వచ్చిన పిదప సర్వమును పరిశీలించి కాని మేల్కొనని ఇంజిన్ నెవ్వరును విశ్వసింపరు.

కావున ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటా స్ట్రక్చర్స్ శ్రద్ధతో చదివి, సి++ లేక రస్ట్ భాషలో చిన్న ఇంజిన్ నొకదానిని మీరే రచింపుడు. లెవెల్‌డీబీ కోడు ఎల్లరకు నందుబాటున నున్నది. దానిని నిదానముగా పఠింపుడు. పిదప మీ ఇంజిన్ వ్రాయుచుండగనే ప్రాసెస్‌ను చంపి, సగము వ్రాసిన రికార్డులను చెక్‌సమ్ పట్టుకొనుచున్నదో లేదో చూడుడు. వర్చువల్ మెషీన్‌ను హఠాత్తుగా ఆపి, వ్రాతను డిస్కున స్థిరపరచు ఎఫ్‌సింక్ పిలుపు ముగిసినందున భద్రమని నమ్మిన దత్తాంశము నిజముగ మిగిలెనో లేదో సరిచూడుడు. ఉద్యోగపు దరఖాస్తున ప్రాజెక్టుల పేర్లు పదింటిని పేర్చుటకంటె, ఈ యొక్క ఇంజిన్ కొలతలను, మీరు త్యజించిన పద్ధతులను, త్యజించుటకు గల హేతువులను వివరించు నాలుగు పుటలను జతపరచుట మేలు.