చక్రాలున్న ఇల్లు స్థిరాస్తా, చరాస్తా?

దివ్య ఖుర్ఆన్ నహ్ల్ సూరా 80వ ఆయత్ రెండు రకాల ఇళ్లను అల్లాహ్ అనుగ్రహాలుగా పేర్కొంటుంది. ఒకటి మనం స్థిరపడి ఉండే ఇల్లు. రెండోది పశువుల తోళ్లతో చేసిన గుడారం, ప్రయాణం రోజునా మజిలీ రోజునా తేలికగా ఉండేది. రెండో ఇల్లు మొదటిదానికన్నా తక్కువని ఆ ఆయత్ అనదు.

నేల, గోడ ఉంటేనే సదఖయె జారియా అవుతుందని, వస్తువిస్తే అది మామూలు దానమేనని అనుకునే దాతలు మనలో ఉన్నారు. వారి కోసమే ఈ పాఠం.

ముందు చట్టం సంగతి. మన దేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం చెట్టులా వేరూనినది, గోడలా నేలలో పాతుకున్నది స్థిరాస్తి. అయితే పునాది లేనిదల్లా చరాస్తి అనుకోకండి. బ్రిటన్‌లో ఒక చెక్క బంగ్లా కాంక్రీటు దిమ్మెల మీద తన బరువుతోనే నిలబడి ఉండేది, దేనికీ బిగించలేదు. దాన్ని పగలగొట్టకుండా అక్కడి నుంచి తీయలేరు కనుక అది నేలలో భాగమేనని 1997లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పిచ్చింది.

అమెరికాలోని మొబైల్ హోమ్‌ది ఇంకా చిత్రమైన స్థితి. ఫ్యాక్టరీలో తయారై, లారీ వెనక వచ్చే ఇల్లది. ఒకసారి దింపాక చాలా ఇళ్లు మళ్లీ కదలవు. ఎన్నో పార్కుల్లో ఇల్లు కాపురమున్నవారిది, కింది నేల పార్కు యజమానిది. అద్దె పెరిగితే వెళ్లిపోదామన్నా తరలించడానికి వేల డాలర్లవుతాయి, పాత ఇల్లు దారిలోనే దెబ్బతినవచ్చు. కదిలే ఇల్లున్నవాడు కదల్లేడు!

ఇక ఫిఖహ్. హజ్రత్ ఉమర్ (రజి) ఖైబర్‌లోని తన భూమిని అమ్మకానికీ వారసత్వానికీ వీల్లేకుండా ఉంచి, ఫలసాయాన్ని దానం చేశారు. వక్ఫ్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఇదే. కానీ హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) తన కవచాలను, ఆయుధాలను అల్లాహ్ మార్గంలో అంకితం చేశారని ప్రవక్త (స) స్వయంగా చెప్పిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. కవచం చరాస్తే కదా.

వక్ఫ్ శాశ్వతంగా నిలవాలి, వస్తువు అరిగిపోతుంది. హనఫీ పండితుల సందేహం అక్కడే. ఇమామ్ అబూ యూసుఫ్ పొలంతో పాటు దాన్ని దున్నే ఎడ్లను కూడా వక్ఫ్‌లో చేర్చవచ్చన్నారు. ఇమామ్ ముహమ్మద్ ఇంకాస్త ముందుకెళ్లి, జనంలో వాడుక ఉన్న వస్తువులను విడిగానూ అనుమతించారు. గొడ్డలి, రంపం, జనాజా మోసే డోలా, వంటపాత్రలు, ముస్‌హఫ్‌లు ఆ కోవలోవి. నేటి ఫ్రీజర్ బాక్సు, మయ్యత్ వ్యాను ఆ డోలాకు వారసులేనని మా అభిప్రాయం. మన 1995 వక్ఫ్ చట్టం కూడా చరాస్తి, స్థిరాస్తి రెండింటినీ పేర్కొంది.

మరి అరిగిపోతే? యుద్ధానికి పనికిరాని వక్ఫ్ గుర్రాన్ని అమ్మి, ఆ సొమ్మును మరో గుర్రానికి వాడవచ్చని హంబలీ పండితులు చెప్పారు. ఈ వాక్యాన్ని వ్యాను ఇచ్చే దాత గుర్తుపెట్టుకోవాలి. డీజిలు, డ్రైవరు జీతం, ఇన్సూరెన్సు ఎవరు భరిస్తారో తేల్చకుండా ఇచ్చిన బండి షెడ్డులోనే తుప్పుపడుతుంది.

నిజానికి మాకు ఎక్కువ భయం బండి గురించి కాదు, కంటైనర్ గది గురించి. క్లినిక్‌కనో, పిల్లల చదువుకనో ఇనుప గది ఇస్తామంటారు. క్రేన్‌తో ఎత్తేయొచ్చు, స్థలం ఎవరిదైతేనేం అంటారు. నీటి పైపు, కరెంటు మీటరు, మెట్లు, ముందు రేకుల షెడ్డు వచ్చాక అది అమెరికా పార్కులోని ఇంటిలాగే అవుతుంది. నేల లేకుండా కట్టడాన్ని మాత్రమే వక్ఫ్ చేయవచ్చా అని హనఫీ పండితులు చాలాకాలం వాదించుకున్నారు. పరాయి నేల మీద నిలిచినదాని భవిష్యత్తు నేల యజమాని చేతిలోకి పోతుంది మరి.

కాబట్టి గది ఇచ్చే దాత స్థల యజమానితో రాతపూర్వక ఒప్పందం అడగాలి. ఎన్నేళ్లు, అద్దె ఎంత, ఖాళీ చేయమంటే ఎన్ని నెలల గడువు, తరలింపు ఖర్చెవరిది అన్నవి అందులో ఉండాలి. దానపత్రంలో మాత్రం, గది పాడైతే అమ్మిన సొమ్ము ఏ పనికి వాడాలో మీ మాటల్లోనే రాయించండి.