మహమ్మారి - రాకపోకలు - మన జిల్లా

అంటువ్యాధి అనగానే చాలామందికి ఆసుపత్రి, డాక్టరు, సూదిమందు గుర్తుకు వస్తాయి. నాకు మాత్రం రైల్వే టైం టేబులు, బస్టాండు బోర్డు గుర్తుకు వస్తాయి. ఎందుచేతనంటే రోగక్రిమి తనంతట తాను ఒక ఊరి నుంచి మరొక ఊరికి పోలేదు. మనిషి ఎక్కిన బండే అదీ ఎక్కుతుంది, మనిషి దిగిన స్టేషన్లోనే అదీ దిగుతుంది. కనుక రోగాన్ని ఆపాలంటే మనిషిని ఆపాలి. మనిషిని ఆపితే అతని కూలి ఆగిపోతుంది. యీ చిక్కు గురించే నేను రాయదలచుకున్నాను. సైన్సు విద్యార్థిని గనుక లెక్క కూడా కొంచెం చెప్పవలసి వుంటుంది. విసుగనుకోకండి.

ఇది కొత్త సంగతేమీ కాదు. పద్నాలుగవ శతాబ్దంలో ప్లేగు భయంతో అడ్రియాటిక్ సముద్ర తీరంలోని రగూసా పట్టణం వారు 1377లో ఒక కట్టడి చేశారు. రోగం వున్న చోటు నుంచి వచ్చిన వారు ముప్పయి రోజులు బయటే వుండి ఆ తరువాతే ఊళ్లోకి రావాలి. తరువాత అది నలభై రోజులయింది. క్వారంటైన్ అనే మాట ఆ నలభై నుంచే పుట్టింది. మన పల్లెల్లో కూడా గత్తర వచ్చిందంటే పొలిమేరలో కంప కొట్టి బయటివాళ్లను రానిచ్చేవారు కాదని పెద్దలు చెబుతారు. పుస్తకం చదవని మనిషికి కూడా యీ సూత్రం తెలుసునన్నమాట.

మన జిల్లాకు రైలు వచ్చింది ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యే నాటికి. సికింద్రాబాద్ నుంచి ఇందూరు మీదుగా నాందేడు, జాల్నా, ఔరంగాబాద్ దాటి మన్మాడ్ దాకా వేసిన గోదావరి వ్యాలీ లైను అది. ఇందూరు నిజామాబాద్ అయిందీ ఆ రోజుల్లోనే. మన్మాడ్ బొంబాయి పెద్ద లైను మీద వుంది కాబట్టి, ఆ దినం నుంచి బొంబాయి మనకు ఇరుగుపొరుగు అయింది. సరుకులు వచ్చాయి, కొలువులు వచ్చాయి. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టినప్పుడు ప్రభుత్వం భయపడి 1897లో అంటువ్యాధుల చట్టం చేసింది. 2020లో రాష్ట్రాలు బయటికి తీసింది సరిగ్గా ఆ చట్టాన్నే. 1918 జూన్‌లో ఇన్‌ఫ్లుయెంజా కూడా మొదట బొంబాయి రేవులోనే దిగింది, మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఓడలతో. అక్కడి నుంచి రైళ్ల వెంట దేశమంతా పాకింది. ఒక్క మన దేశంలోనే కోటీ ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల మంది దాకా చనిపోయారని అంచనాలున్నాయి. అప్పుడు రైళ్లను ఎవరూ ఆపలేదు.

ఇక లెక్క. కొవిడ్ సోకిన మనిషి, జాగ్రత్తలేమీ లేనప్పుడు, సుమారు ఇద్దరు ముగ్గురికి అంటిస్తాడు. ముగ్గురు అనుకుందాం. వాళ్లలో ఒక్కొక్కరు మళ్లీ ముగ్గురికి. ఒక అంచెకు అయిదు రోజులు పడుతుందనుకుంటే నెల రోజుల్లో ఆరు అంచెలు. మూడును ఆరుసార్లు గుణించి చూడండి, 729 వస్తుంది. ఇప్పుడు మనుషులు కలవడం సగానికి తగ్గిందనుకుందాం. మూడు బదులు ఒకటిన్నర. దాన్ని ఆరుసార్లు గుణిస్తే పదకొండు చిల్లర మాత్రమే. సగం తగ్గిస్తే ఫలితం సగం కాదు, అరవయ్యో వంతు కంటే తక్కువ! లాక్‌డౌన్ వెనుక వున్న తర్కమంతా యీ గుణకారంలోనే వుంది. ఇంకొక సంగతి. యీ వైరస్ సోకిన మనిషికి జ్వరం రావడానికి రెండు మొదలు పద్నాలుగు రోజులు పడుతుంది. జ్వరానికి ఒకటి రెండు రోజుల ముందే అతను ఇతరులకు అంటించగలడు. కనుక చెక్‌పోస్టులో నుదుటికి థర్మామీటరు చూపించి "పో" అనడం సగం పనే.

చైనాలోని వూహాన్‌లో రోగం సంగతి 2019 డిసెంబర్ 31న బయటి ప్రపంచానికి తెలిసింది. సరిగ్గా నెలకు, 2020 జనవరి 30న, వూహాన్ నుంచి కేరళకు వచ్చిన వైద్య విద్యార్థినికి రోగమున్నట్లు తేలింది. మార్చి 2న తెలంగాణలో మొదటి కేసు. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మహమ్మారి అన్నది. మార్చి 22న జనతా కర్ఫ్యూ. 24వ తేదీ రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి రేడియోలో, టి.వి.లో ప్రకటించారు, పన్నెండు గంటల నుంచి దేశమంతా బందు అయింది. నడుమ నాలుగే గంటల వ్యవధి.

1974 మే నెలలో రైల్వే కార్మికులు దేశవ్యాప్తంగా సమ్మె చేసినప్పుడు కూడా కొన్ని బళ్లు నడిచాయి. 2020లో మార్చి 22 అర్ధరాత్రి తరువాత ప్రయాణికుల బండి ఒక్కటీ నడవలేదు. గూడ్సు బళ్లు మాత్రం నడిచాయి. ఆర్టీసీ బస్సులు మే 19 దాకా డిపోల్లోనే వున్నాయి. బోధన్ అవతల సాలూర దగ్గర మంజీర వంతెన వుంది కదా, దాని ఆవలి ఒడ్డు మహారాష్ట్ర. బిలోలి, ధర్మాబాద్, దెగ్లూరు వాళ్లతో మనకు వియ్యాలు, అంగళ్లు, పొలం కూలీలు అన్నీ కలిసే వున్నాయి. ఆ వంతెన మీద అంతకు ముందు రాష్ట్రం మారిందని తెలిసేది బోర్డు చూస్తేనే. ఆ వేసవిలో అది నిజంగా సరిహద్దు అయింది.

బోధన్ నుంచి ఒక తల్లి నెల్లూరు జిల్లాలో చిక్కుకున్న కొడుకు కోసం పోలీసుల అనుమతి చీటీ పట్టుకొని స్కూటీ మీద పోయి వెంటబెట్టుకొచ్చింది. రానూపోనూ 1400 కిలోమీటర్లు. పత్రికలన్నీ మెచ్చుకున్నాయి. మెచ్చుకోవలసిందే. కాని స్కూటీ, చీటీ రెండూ లేని వాళ్లు నడిచారు. కామారెడ్డి, డిచ్‌పల్లి, ఆర్మూరు, బాల్కొండ మీదుగా నిర్మల్ వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద, ఎండలో, నెత్తిన మూటలు, చంకన పిల్లలు. హైదరాబాద్‌లో ఇళ్లు కట్టిన చేతులు అవి. దారి పొడుగునా మన వాళ్లు అన్నం, మజ్జిగ పెట్టారు, చెప్పులిచ్చారు. ఇది మన జిల్లా గొప్పగా చెప్పుకోదగ్గ సంగతి. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు సుమారు 1200 మందితో వలస కార్మికుల మొదటి ప్రత్యేక రైలు బయలుదేరింది. ఆగస్టు ఆఖరుకు అటువంటి 4621 రైళ్లలో 63 లక్షల మంది ఇళ్లు చేరారు. అంతవరకు నలభై రోజులు వాళ్లకు రైలు లేదు.

మే 8 అనే తేదీని నేను మరచిపోలేను. ఆ తెల్లవారుజామున ఔరంగాబాద్ దగ్గర కర్మాడ్ వద్ద, జాల్నా నుంచి పట్టాల వెంట నడిచి అలసి అక్కడే పడుకున్న మధ్యప్రదేశ్ కార్మికులు 16 మంది గూడ్సు బండి కింద చనిపోయారు. రైళ్లు లేవు కదా అని పట్టాల మీద పడుకున్నారు పాపం. అది మన లైనే. నిజామాబాద్ స్టేషన్లో నిలబడి పడమటికి చూస్తే కనబడే పట్టాలే అక్కడిదాకా పోతాయి. అదే మే 8న బిహార్‌లోని ఖగరియా నుంచి ఒక ప్రత్యేక రైలు లింగంపల్లికి వచ్చింది. అందరూ వెళ్లిపోతుంటే వచ్చినవాళ్లెవరు? రైసు మిల్లుల హమాలీలు. హోలీకి ఇంటికి పోయి అక్కడే ఆగిపోయారు. ఇక్కడ యాసంగి వడ్లు కల్లాల్లో కుప్పలు పడివున్నాయి, మిల్లుల్లో బస్తా దించే మనిషి లేడు. స్టేషన్లో మంత్రిగారే ఎదురువెళ్లి పూలిచ్చి ఆహ్వానించారు. అంతకుముందు ఏ హమాలీకీ పూలు ఇచ్చిన దాఖలా నేనెరుగను. మన అన్నం ఎవరి భుజాల మీద నుంచి వస్తుందో ఆ నెలలో తెలిసింది.

మాది పసుపు, వరి పండించే కుటుంబం. పసుపు సంగతి కొంచెం చెబుతాను. తవ్వుడు, ఉడకబెట్టుడు, ఆరబెట్టుడు, పాలిషు అన్నీ అయి కొమ్ము నిజామాబాద్ గంజికి చేరేది ఫిబ్రవరి నుంచి వేసవి దాకా. సరిగ్గా నడి సీజన్లో లాక్‌డౌన్ పడింది, యార్డులో కొనుగోళ్లు ఆగాయి. మా బస్తాలు ఇంటి వసారాలోనే వుండిపోయాయి. "కొమ్ము కుళ్లదు గని బిడ్డా, మిత్తి ఆగదు గద" అన్నాడు మా బాపు. కూరగాయల రైతుది ఇంకో కష్టం. అతనికి మిత్తికన్నా ముందే టమాటా కుళ్లిపోయింది. విచిత్రమేమంటే ఆ నెలల్లోనే పట్నాల్లో పసుపు పాలు తాగితే రోగం రాదని ప్రచారం సాగింది. అలా అని రుజువేమీ లేదని సైన్సు విద్యార్థిగా చెప్పక తప్పదు. గిరాకీ పెరిగిన మాట నిజమే గాని ఆ వేసవిలో మా వసారాకు ఆ లాభం రాలేదు. వడ్ల విషయంలో మాత్రం ప్రభుత్వం ఊళ్లలోనే కేంద్రాలు పెట్టి టోకెన్ల మీద కొన్నది. ఆలస్యమయింది, తూకంలో తరుగు గురించి కొట్లాటలు అయ్యాయి, అయినా కొన్నది. లేకుంటే ఏమయ్యేదో.

బీడీలు చేసే ఆడవాళ్ల సంగతి పత్రికల్లో తక్కువగా వచ్చింది. మన జిల్లాలో ఆకు, తంబాకు తెచ్చుకొని ఇంటి గడపలో చాట ముందు కూర్చునే అక్కలు, చిన్నమ్మలు ప్రతి ఊళ్లో వుంటారు. వాళ్లు ఇల్లు కదిలేది లేదు, కాబట్టి లాక్‌డౌన్ వాళ్లకు తగలదని ఎవరైనా అనుకోవచ్చు. కాని ఆకు తెచ్చే బండి ఆగింది, కార్ఖానా మూసింది. ఇంట్లో కూర్చొని చేసే పని కూడా రోడ్డు మీదనే ఆధారపడి వుందన్నమాట. ప్రభుత్వం తెల్లకార్డు వారికి మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1500 రూపాయలు ఇచ్చింది. బియ్యంతో పొయ్యి వెలిగింది. మిగతావన్నీ అప్పు.

గల్ఫ్ వారిది రెండు వైపులా దెబ్బ. మన జిల్లా, జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల్లో దుబాయి, మస్కట్, కువైట్ పోనివాళ్లు లేని ఊరు దొరకడం కష్టం. సెలవు మీద వచ్చినవాళ్లు ఇక్కడ ఆగి వీసా గడువు పోగొట్టుకున్నారు. అక్కడున్నవాళ్లు పని లేక క్యాంపు గదుల్లో పదేసి మంది చొప్పున కూర్చున్నారు, రోగం అంటడానికి అంతకన్నా మంచి చోటు వుండదు. వందే భారత్ విమానాలు మే 7న మొదలయ్యాయి, 9వ తేదీన కువైట్ నుంచి హైదరాబాద్‌కు మొదటి విమానం వచ్చింది. దేశం దాటే మామూలు విమానాలు మళ్లీ మొదలయింది మాత్రం 2022 మార్చి 27న. రెండేళ్లు!

పర్యాటకమంటే మనకు తాజ్‌మహల్, గోవా తలపుకు వస్తాయి. లెక్కలు కూడా అటువైపే చూపుతాయి. 2019లో మన దేశానికి కోటీ 9 లక్షల మంది విదేశీయులు వస్తే 2020లో 27 లక్షలు, 2021లో 15 లక్షలు. 2020 ఏప్రిల్ - జూన్ మూడు నెలల్లోనే పర్యాటక రంగంలో కోటీ 45 లక్షల మంది పని కోల్పోయారని కేంద్ర ప్రభుత్వం చేయించిన అధ్యయనం చెప్పింది. అయితే మన పర్యాటకం బాసర. నిజామాబాద్‌కు రైలులో గంటలోపు దూరం. 2020 జనవరి ఆఖరున వసంత పంచమికి వేల మంది తల్లిదండ్రులు పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి వచ్చారు, కేరళలో మొదటి కేసు బయటపడిన రోజులవే. మార్చిలో గుడి తలుపులు భక్తులకు మూతపడ్డాయి, జూన్ 8న తెరుచుకున్నాయి. లోపల పూజలు ఆగలేదు, దేవతకు నైవేద్యం తప్పలేదు. గుడి బయట పలకలు, బలపాలు అమ్మే ఆమె, కొబ్బరికాయల బండి, ఫోటోగ్రాఫరు, లాడ్జిలో దుప్పట్లు ఉతికే అతను, గోదావరి పడవ వాళ్లు, స్టేషన్ నుంచి గుడికి తిప్పే ఆటోలు, వీళ్ల సంగతి ఏ అధ్యయనంలోనూ విడిగా కనబడదు. మా మేనబావ ఆ ఆటోవాళ్లలో ఒకడు. కిస్తీలు కట్టలేక ఆటో పోయింది, ఉపాధి హామీ పనికి గడ్డపార పట్టాడు. ఆ సంవత్సరం దేశంలో ఉపాధి హామీ పనిదినాలు 389 కోట్లకు పెరిగాయి. ఆ అంకెలో మా బావ దినాలు కూడా కలిసే వున్నాయి.

బోధన్ వారికి మూసిన గేటు కొత్త కాదు. శక్కర్‌నగర్‌లో 1930ల చివర మొదలయిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందినది, 2015 డిసెంబర్‌లో లేఆఫ్ అయింది. కార్మికులు వలస పోయారు, చెరకు మళ్లు వరి మళ్లయ్యాయి. కాబట్టి 2020లో పట్నాల్లో అందరూ "ఇట్లా ఎప్పుడైనా చూశామా" అంటుంటే బోధన్‌లో కొందరు చూశామనే అన్నారు. తేడా ఒక్కటే. లాక్‌డౌన్‌కు ఎప్పటికప్పుడు తేదీ చెప్పారు, ఏప్రిల్ 14 అన్నారు, మే 3 అన్నారు. ఫ్యాక్టరీకి ఆ తేదీ కూడా చెప్పలేదు. మహమ్మారి మీద వున్న భయంలో పదో వంతయినా యీ మూత మీద వుండి వుంటే బాగుండునని నా అభిప్రాయం.

ఇక మా చదువు. మేము అప్పుడు పదో తరగతి. మార్చి 19న పరీక్షలు మొదలై మూడు పేపర్లు రాశాక ఆగిపోయాయి, జూన్ 8న మిగిలినవి రద్దయి అందరమూ పాసయ్యాము. సంతోషించినవాళ్లూ వున్నారు లెండి! సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు. ఇంట్లో ఒకే ఫోను వుంటే అది అన్నకా చెల్లెకా అన్నప్పుడు చాలా ఇళ్లలో చెల్లె ఓడిపోయింది. పొలం గట్టు మీద సిగ్నలు దొరికే వేపచెట్టు కింద నలుగురం కూర్చొని విన్నాము, దూరం దూరంగా కూర్చోవాలనే పాఠాన్ని దగ్గర దగ్గరగా కూర్చొని!

రాకపోకలు ఆపడం తప్పని నేననను. పై గుణకారం చేసినవాడెవడూ అనలేడు. 2021 వేసవిలో రెండవ అల మన సరిహద్దు ఊళ్ల మీద పడ్డప్పుడు కళ్లారా చూశాము గూడా. నా అభ్యంతరం నాలుగు గంటల గడువు మీద. వైరస్ నాలుగు గంటల్లో రెట్టింపు కాదు. నాలుగు రోజులు రైళ్లు నడిపి, ఎక్కేవారిని పరీక్షించి, దిగిన చోట పద్నాలుగు రోజులు బడిలో వుంచి అన్నం పెట్టి వుంటే లెక్క చెడేది కాదనుకుంటాను. మే నెలలో చివరికి చేసింది అదే కదా. అప్పటికి రోగం పట్నాల్లో బాగా పెరిగింది, కాబట్టి మార్చిలో పంపితే రోగం లేకుండా చేరేవాళ్లను మేలో రోగంతో పంపినట్లయింది.

అన్నీ మళ్లీ మొదలయ్యాయి అంటారు. కాని అన్నీ ఒకే రోజున, ఒకే ధరకు మొదలు కాలేదు. ప్యాసింజరు బళ్లు తిరిగి వచ్చినప్పుడు స్పెషల్, ఎక్స్‌ప్రెస్ అనే పేర్లతో వచ్చాయి. బండి అదే, ఆగే స్టేషన్లు అవే, కనీసపు టికెట్టు మాత్రం పది నుంచి ముప్పయి రూపాయలయింది. పాల క్యాన్లవాళ్లు, కూలికి పోయేవాళ్లు, కాలేజీ పిల్లలు ఆ ముప్పయి ఇస్తూ తిరిగారు. తిరిగి పది రూపాయలు చేసింది 2024 ఫిబ్రవరి ఆఖరులో.